వేళకు ఇచ్చిన మందు

సిసిలీ సాండర్స్ దొరసాని 1918లో ఇంగ్లండు దేశమున జన్మించెను. నర్సుగా పనిచేయుచు, నడుము నొప్పిచేత ఆ పని మానుకొని, ఆసుపత్రిలో రోగుల యోగక్షేమములు విచారించు ఉద్యోగములో చేరెను. 1945లో క్రీస్తును విశ్వసించెను. 1948లో డేవిడ్ తాస్మా అను పోలండు యూదుడు రాచపుండుతో, అనగా క్యాన్సరుతో, మరణించుచు, ఆమె కట్టబోవు గృహమునకు కిటికీ కొరకని 500 పౌనులు వ్రాసిపెట్టెను. గృహము లేదు, స్థలమైనను లేదు. కిటికీ మాత్రము ముందే వచ్చినది!

ఆ దినములలో రోగి బాధ తాళలేక మొరపెట్టిన పిమ్మటనే మార్ఫియా ఇచ్చెడివారు. మత్తుకు అలవాటుపడునని భయము. మన పల్లెలలో ఈ భయము నేటికిని కలదు. లండనులోని సెయింట్ లూక్స్‌లో మాత్రము నొప్పి తిరిగి రాకముందే, వేళ ప్రకారము ఇచ్చుట ఆమె చూచెను. 1957లో డాక్టరై, సెయింట్ జోసెఫ్స్‌లో అట్లే చేసెను. నొప్పి వచ్చునను భయము తొలగగా రోగులు తెలివిగా నుండి తమవారితో మాటలాడిరి. వాంతులు, ఆయాసము, మలబద్ధకము, వీటినిగూడ ఆమె చిన్నవిగా ఎంచలేదు. ఇంటి చింతయు ఆత్మవేదనయు దేహబాధలో కలిసియున్నవని బోధించెను.

1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ గృహము తెరవబడెను. తాస్మా కిటికీ అందు అమర్చబడెను. 2005లో ఆమెయు క్యాన్సరుతో ఆ గృహమందే నిద్రించెను.