స్ఫటికములను లెక్కించిన ఆచార్యుడు - సూరి భగవంతం

1942 ఏప్రిలులో విశాఖపట్టణముపై జపాను బాంబులు పడెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరును విడిచి మన గుంటూరు చేరవలసివచ్చెను. పత్తికిని మిరపకును పేరుపడిన యీ యూరికి అట్లు వచ్చిన భౌతికశాస్త్రాచార్యులు సూరి భగవంతం గారు. పరిషత్తు ఇచట తలదాచుకొనిన ఆ దినములలోనే, 1944లో, వారు భీమసేనాచారి గారితో కలిసి అతిధ్వని తరంగముల సాయమున వజ్రము యొక్క స్థితిస్థాపకతను కొలిచి లోకమునకు తెలిపిరి.

వారు 1909 అక్టోబరు 14న కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో జన్మించిరి. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తా వెళ్లి రామన్ గారి శిష్యులైరి. రామన్ ఫలితము వెలువడిన సంవత్సర మదియే! 1932లో వాల్తేరు చేరిరి.

సౌష్ఠవ మను మాటను కావ్యములను గూర్చి చెప్పునపుడు మా తెలుగు పంతుళ్లము ఉదారముగా వాడుదుము. భగవంతం గారు దానిని లెక్కకు తెచ్చిరి. త్రిప్పినను, అద్దమున చూపినను మారని స్ఫటికరూపమును బట్టి దాని కెన్ని భౌతిక స్థిరాంకము లుండదగునో గ్రూపు సిద్ధాంతముచే చెప్పవచ్చును. ఈ విషయమున వేంకటరాయుడు గారితో కలిసి వ్రాసిన గ్రంథము 1948లో వెలువడెను.

అయస్కాంత స్ఫటికములకు ఈ లెక్క చాలదు. కాలమును వెనుకకు నడపినట్లు ఊహించినచో ఎలక్ట్రానుల గతి తలక్రిందులై, ఉత్తరధ్రువము దక్షిణధ్రువమగును. ఈ కాలవిపర్యయమును గూడ చేర్చగా 32 స్ఫటికవర్గములు 122 అగును. వానిలో దేనికి ఏ ధర్మము చెల్లునో 1964లో పంతులు గారితో కలిసి వారు గణించిరి.

దీనివలన ప్రయోజనమేమని విద్యార్థులు అడుగవచ్చును. ఇనుము, నికెల్ కలిసిన లోహపు రేణువును, వెండ్రుక మందములో వెయ్యవవంతు పరిమాణమున, వడ్లగింజవలె పొడుగుగా మలచినచో అయస్కాంతత్వము దాని పొడవు వెంట ఇటో అటో నిలుచును. రెండు దిశలకును శక్తి సమానమే. కారణము ఆ కాలవిపర్యయ సౌష్ఠవమే. ఒక దిశ సున్న, రెండవది ఒకటి. అట్టి రేణువులు మూడు నడిమి రేణువుపై ప్రభావము చూపినచో, అది పంచాయతీలోవలె అధికసంఖ్యాకుల పక్షము చేరును. అమెరికాలోని నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయము వారు 2006లో ఇట్టి తర్కద్వారమును చేసి చూపిరి. విద్యుత్తు ఆగినను అది తన జవాబును మరువదు. దానిని కనుగొనిన ఘనత భగవంతం గారికి అంటగట్టుట తగదు. అట్టి అయస్కాంతముల వ్యాకరణమును తెలిసినవారిలో మన వారొకరని మాత్రము చెప్పవలెను.

ఉస్మానియాకు ఉపాధ్యక్షులై, 1957లో బెంగుళూరు విజ్ఞానసంస్థకు నిర్దేశకులై, 1961 నుండి 1969 వరకు రక్షణమంత్రికి విజ్ఞాన సలహాదారులైరి. ఇట్టి పదవులు పెక్కుమంది పండితుల కలములను ఆపివేసినవి. వారి స్ఫటిక సౌష్ఠవ గ్రంథము మాత్రము ఆ దస్త్రముల నడుమనే, 1966లో వెలువడెను. 1989 ఫిబ్రవరి 6న భగవంతం గారు కీర్తిశేషులైరి.