మందుకన్నా ముందు మాట

కృష్ణదేవిపేట వెళ్లినవాళ్లు అల్లూరి సీతారామరాజు సమాధి దగ్గర కాసేపు ఆగుతారు. అందరికీ విల్లంబులు, పోలీసు స్టేషన్ల మీద దాడులు గుర్తొస్తాయి. వైద్యుడిని కాబట్టి నాకు అంతకు ముందు సంగతి గుర్తొస్తుంది. తిరుగుబాటుకు ఐదేళ్ల ముందు నుంచే ఈ చుట్టుపక్కల జనం ఆయన దగ్గరికి మందు కోసం, మంచిచెడ్డలు చెప్పుకోవడం కోసం వచ్చేవారు.

రామరాజు 1897 జులై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో పుట్టారు. తండ్రి వెంకటరామరాజు ఫొటోగ్రాఫరు. కొడుక్కి పదేళ్లు దాటాయో లేదో, 1908లో ఆయన కలరాతో కన్నుమూశారు. తల్లి సూర్యనారాయణమ్మ పిల్లలతో కష్టాలు పడ్డారు. పినతండ్రి రామకృష్ణంరాజు ఆదుకున్నా, రామరాజు చదువు ఒక చోట కుదురుకోలేదు. ఊళ్లు మారాయి, బళ్లు మారాయి, చివరికి చదువే ఆగిపోయింది.

ఆ పిల్లవాడి మనసులో ఏముందో ఇప్పుడు తేల్చడం వైద్యుడి పని కాదు. కానీ ఈ రోజుల్లో అమ్మనో నాన్ననో పోగొట్టుకున్న పిల్లలు చదువులో వెనకబడితే మొద్దు అని ముద్ర వేయకండి. నిద్ర, తిండి, ఆటలు ఎలా ఉన్నాయో దగ్గర కూర్చుని అడగండి.

ఉత్తరాది యాత్రలు చేసి వచ్చిన రామరాజు 1917లో కృష్ణదేవిపేట చేరారు. మూలికలతో వైద్యం చేశారు. తగవులను పంచాయతీల్లోనే తీర్చుకోమన్నారు, తాగుడు మానమన్నారు. అప్పటికే 1882 నాటి అటవీ చట్టంతో గిరిజనుల పోడు వ్యవసాయానికి అడ్డంకులు వచ్చాయి. రోడ్డు పనుల్లో కూలి సరిగా దక్కేది కాదు. ఆ బతుకుల గోడు విన్నవాడు కాబట్టే జనం ఆయన వెంట నడిచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్‌తో దాడులు మొదలయ్యాయి, మర్నాడు కృష్ణదేవిపేట స్టేషన్ వంతు వచ్చింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయనను కాల్చి చంపారు. ఇరవై ఏడేళ్లు కూడా నిండలేదు. అంత్యక్రియలు కృష్ణదేవిపేటలోనే జరిగాయి.

పల్లెల్లో ఆ తొలి పలకరింపు ఇప్పుడు ఎక్కువగా నర్సమ్మదే. ఉపకేంద్రంలోని ఏఎన్‌ఎం, నర్సింగ్ చదివిన సీహెచ్‌వో, పీహెచ్‌సీలోని స్టాఫ్ నర్సు ఇంటింటి సంగతీ ఎరిగినవాళ్లు. మనసు బాగాలేదని చెప్పుకుంటూ మా ఓపీకి వచ్చేవాళ్లు తక్కువ. తలనొప్పి, ఒళ్లంతా మంటలు, నీరసం, నిద్ర పట్టడం లేదు అంటారు. రద్దీలో మేం బలం మాత్రలు రాసి పంపేసే ప్రమాదం ఉంది. బీపీ చూస్తూ నర్సు రెండు ప్రశ్నలు అడిగితే చాలు: గత రెండు వారాలుగా దిగులుగా ఉంటోందా? ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా? అవునంటే డాక్టరు వివరంగా చూడాలి. చనిపోవాలనిపిస్తోందా అని అడగడానికీ జంకనక్కర్లేదు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు, చాలామందికి గుండె బరువు దిగుతుంది.

మందులు మొదలయ్యాక నర్సు పని ఇంకా ఎక్కువ. డిప్రెషన్ మాత్రల గుణం కనిపించడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా పని చేయడం లేదని కొందరు, కాస్త తేరుకోగానే ఇంకెందుకని కొందరు మానేస్తారు. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడాల్సి ఉంటుంది. ఆ సంగతి గుర్తుచేసేది, రాని రోగిని వెతుక్కుంటూ వెళ్లేది ఆవిడే. అయితే రోగి చెప్పుకున్న మాట వీధిలోకి పోకూడదు. ఒక్కసారి పోయిందా, ఆ గడప మళ్లీ ఎవరూ తొక్కరు.

తాగుడు విషయంలో మరో జాగ్రత్త. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవారు ఉన్నట్టుండి మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు. మానాల్సిందే, కానీ డాక్టరు పర్యవేక్షణలో మానాలి. ముందుగా నర్సుకు చెబితే ఆవిడే దారి చూపిస్తారు.

ఇంట్లో ఎవరైనా రెండు వారాలకు మించి ముభావంగా ఉంటే దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. రాత్రివేళ అయినా సరే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. చనిపోతానని ఎవరైనా అంటుంటే ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.