హెర్నియా వైద్యానికి దారి చూపిన బస్సీని

ప్రత్యేక సంచికకు దేశనాయకుల జీవితాలు రాయడం మన ఆనవాయితీ. నేను ఒక ఇటలీ డాక్టరు గురించి రాస్తున్నాను. కారణం నా సొంత అనుభవం.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బోదకాలు, వరిబీజం పాత జబ్బులు. గజ్జల్లో వాపు కనబడితే అదేననుకుని సిగ్గుపడి దాచుకోవడమూ పాత జబ్బే. నేను రెండేళ్ళు దాచాను. పంచెకట్టు మార్చానే గాని ఇంట్లో చెప్పలేదు. చివరకు అది పేగు జారిన హెర్నియా అని తేలింది. ఆపరేషనుకు ముందు డాక్టరుగారు, లోపల వల వేస్తామని, దాన్ని కుట్టవచ్చు లేదా జిగురుతో అంటించవచ్చు అని చెప్పి నా అభిప్రాయం అడిగారు. నాకేం తెలుసు? ఫైలుకు గుండుసూది కంటే ట్యాగు మేలని మాత్రం తెలుసు! తరువాత పుస్తకాలు తిరగేస్తే బస్సీని పేరు తగిలింది.

ఎడోర్డో బస్సీని 1844లో ఇటలీలోని పావియాలో జన్మించాడు. 1866లో వైద్య పట్టా పుచ్చుకున్నాడు. ఆస్పత్రిలో కుదురుకోక, ఇటలీని ఏకం చేయాలని గరిబాల్డీ పక్షాన పోరాటానికి వెళ్ళాడు. 1867లో రోము దగ్గర విల్లా గ్లోరీ వద్ద బాయినెట్ పోటు తిన్నాడు. ఆ పోటు సరిగ్గా గజ్జలోనే! పేగు తెగి, గాయం గుండా మలం కారేది. బందీగా చిక్కి, పిమ్మట గురువు లుయీజి పోర్టా వైద్యంతో బతికి బయటపడ్డాడు. ఆనాటికి అది పునర్జన్మే.

తరువాత వియన్నాలో బిల్‌రోత్, బెర్లిన్‌లో లాంగెన్‌బెక్, లండన్‌లో లిస్టర్ వంటి ఉద్దండుల పని చూసి వచ్చి, 1882లో పాడువా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. అప్పటికి హెర్నియాకు కోసినా చాలామందికి తిరగబెట్టేది. బెల్టు కట్టుకుని బతికేవారు. బస్సీని 1884 నుండి కొత్త పద్ధతి మొదలుపెట్టాడు. సంచిని తీసివేసి, కండరాల పొరలు మూడింటిని కలిపి కింది బంధనానికి పట్టుదారంతో కుట్టి, వెనుక గోడను మళ్ళీ కట్టాడు. 1889లో 262 ఆపరేషన్ల వివరాలతో పుస్తకం వేశాడు. తిరగబెట్టినవి పదిలోపే. ఆ తిరగబెట్టినవాటిని కూడా దాచకుండా నమోదు చేశాడు. రిజిస్టర్లు రాసిన చేతితో ఆయనకు దణ్ణం పెట్టాను. 1904లో సెనేటరయ్యాడు, 1924లో కన్నుమూశాడు.

ఆయన కుట్లలో ఒక ఇబ్బంది ఉంది. దూరంగా ఉన్న కండను బలవంతంగా లాగి కట్టడం వలన నొప్పి, బిగువు. అమెరికాలో లిక్టెన్‌స్టైన్ బృందం 1989లో వేయి ఆపరేషన్ల ఫలితాలు ప్రకటించింది. వారిది లాగకుండా పాలీప్రొపిలీన్ వలను అతికే పద్ధతి. అప్పటినుండి వల జారకుండా ఎలా పట్టించాలన్నదే చర్చ. కుట్టులో నరం చిక్కితే నొప్పి నెలల తరబడి వదలకపోవచ్చు. జిగురు వేస్తే మొదట్లో నొప్పి కొంత తక్కువ. సన్నని కొక్కేలతో తనంతట తానే పట్టుకునే వల కూడా వచ్చింది. కోసి చేసే ఆపరేషనులో ఏ పద్ధతిలోనైనా తిరగబెట్టడంలో పెద్ద తేడా కనబడలేదు, ఖర్చులో ఉంది. లాపరోస్కోపీలో చాలామందికి అసలు ఏదీ బిగించనక్కరలేదట. కన్నం పెద్దదైతే మాత్రం బిగించాలి.

వాపు గట్టిపడి, లోపలికి పోక, నొప్పి, వాంతులు ఉంటే మాత్రం తెల్లవారేదాకా ఆగకండి. పేగు చచ్చుబడుతుంది.

నాకు కుట్లే వేశారు. నెల తిరక్కుండానే పెన్షను పనికి ట్రెజరీ మెట్లు ఎక్కాను.