జాన్ అలెన్

బొమ్మరైలును చూచి సంతసింపని బాలుడుండడు. తాళముచెవి త్రిప్పి విడువగా అది గుండ్రని పట్టాలపై గిరగిర తిరుగును. కొంతసేపటికి ఆగును. మరల త్రిప్పవలెను. నాలుగు పర్యాయములు తిరిగిన పిమ్మట బాలునికి విసుగు పుట్టును; బొమ్మ అటక యెక్కును. అట్టి బొమ్మరైలు చుట్టును కొండలను, లోయలను, వంతెనలను, ఊళ్లను కల్పించి, చూచినవారు అది బొమ్మయను సంగతియే మరచునట్లు చేసినవాడొకడు అమెరికా దేశమున నుండెను. అతడే జాన్ అలెన్.

అలెన్ 1913వ సంవత్సరమున మిస్సోరీ రాష్ట్రమునందలి జాప్లిన్ పట్టణమున జన్మించెను. చిన్ననాట వచ్చిన జ్వరమొకటి అతని గుండెను బలహీనపరచి పోయెను. ఆ దౌర్బల్యము తుదివరకు అతనిని విడువలేదు. పెద్దవాడైన పిమ్మట కాలిఫోర్నియా రాష్ట్రమున నివసించుచు ఛాయాచిత్రములు తీయుట వృత్తిగా గైకొనెను. ఆ వృత్తి అతనికి జీవనాధారమగుటయే గాక అతని కన్నులకు గొప్ప శిక్షణ నిచ్చెను. వెలుతురు ఏ ప్రక్కనుండి పడినచో గోడ గరుకుగా గనబడును, దూరపు కొండ నీలముగా నేల తోచును, దగ్గరి వస్తువునకును దూరపు వస్తువునకును రంగులో భేదమేమి — ఇట్టి విషయములు అతనికి కరతలామలకములయ్యెను.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిదప అతడు పసిఫిక్ సముద్రతీరమునందలి మాంటెరే పట్టణమున స్థిరపడి, చిన్న రైలుమార్గ నిర్మాణమునకు పూనుకొనెను. అతడెన్నుకొనిన కొలత నిజమైన రైలులో 87వ వంతు. ఈ కొలతలో పట్టాల నడుమ వెడల్పు పదునారున్నర మిల్లీమీటర్లు మాత్రమే. ఆరడుగుల మనుష్యుడు 21 మిల్లీమీటర్ల పొడవున నుండును. అనగా మన బొటనవ్రేలి గోటిపై ఇంచుమించు నిలువబడగల మనుష్యులు, వారికి తగిన ఇండ్లు, వారికి తగిన రైళ్లు!

ఆ మార్గమునకు అతడు గోర్ అండ్ డఫీటెడ్ అని పేరు పెట్టెను. వ్రాతలో అవి రెండు ఊళ్ల పేర్లవలె నుండును. ఆంగ్లమున గట్టిగా పలికినచో నెత్తురోడి ఓడిపోయినది అను అర్థము వినవచ్చును. తన శ్రమను జూచి తానే నవ్వుకొనగల చమత్కారి అతడు. ఆ మార్గమున బండ్లను అటునిటు త్రోయుటకు ఇంజనుకు మారుగా ఎమ్మా యను పేరుగల రాకాసిబల్లి బొమ్మ నొకదానిని నియమించెను. వీపుపై పలకలుండు స్టెగొసారస్ జాతికి చెందినదది. నిజము వలె నుండవలెనని ఇంత పాటుపడినవాడు ఇట్టి వింత నేల పెట్టెనని కొందరు ముక్కుమీద వ్రేలు వేసికొనిరి. నాకు మాత్రము అది అతని మనసు తెలుపు ముచ్చటగనే తోచును.

అతని కాలమున చిన్న రైళ్లు చేయువారు అనేకులు గలరు. వారి ఇంజన్లు అంగడినుండి అప్పుడే తెచ్చినట్లు తళతళలాడుచుండెడివి. ఇండ్ల గోడలపై మరక యుండెడిది కాదు. అలెన్ దీనికి విరుద్ధముగా నడచెను. లోకమున ఏ వస్తువును క్రొత్తగా నిలువదు గదా. ఇంజను పొగగొట్టమునకు మసి పట్టును. ఇనుమునకు తుప్పు పట్టును. వాన కారిన చోట గోడపై చారలేర్పడును. ఎండకు చెక్క వెలిసిపోవును. ఈ వార్ధక్యమునంతటిని అతడు పలుచని రంగులతో చిన్న బొమ్మలకు తెచ్చిపెట్టెను. కట్టడములను పెక్కింటిని సన్నని చెక్కముక్కలతో స్వయముగా నిర్మించెను. కొండలను నేలనుండి ఇంటికప్పు వరకు లేవనెత్తెను. గది కొలత చాలనిచోట అద్దములు నిలిపెను. అద్దములో దారి యింకను సాగిపోవుచున్నట్లు కన్పట్టెడిది. మన ఇండ్లలో బొమ్మల కొలువు తీర్చునపుడు అద్దమును పరచి కొలను చేయుదుము. అతడు ఆ యుపాయమునే నిలువుగా వాడి, ఉన్నదానిని రెట్టింపు చేసెను. వెనుకనుండు ఇండ్లను మరింత చిన్నవిగా జేసి, అవి దూరమున నున్నవను భ్రాంతిని గల్పించెను.

ఈ పద్ధతి బోధపడుటకు ఉదాహరణము నొకదానిని నేను కల్పించి చెప్పెదను. మీరు చిన్న రైలుస్టేషను ప్రక్కన ఒక అగ్నిమాపక కేంద్రమును కట్టవలెననుకొనుడు. ఎఱ్ఱ తలుపులు పెట్టి, నిగనిగలాడు ఫైరింజను నొకదానిని లోపల నిలిపినచో అది బొమ్మగనే యుండును. అలెన్ మార్గమున నడచువాడు మొదట నిజమైన కేంద్రమును పోయి చూచును. బండి వచ్చిపోవు చోట గచ్చు అరిగియుండును, చమురు మరకలుండును. తలుపు పైభాగము పొగకు నల్లబడియుండును. తడిసిన గొట్టములను వ్రేలాడదీసి ఆరవేయుటకు ఎత్తయిన గోపుర మొకటి యుండును. బండిని కడిగిన నీరు కాలువ వైపు జారిన చార కనబడును. ఇవన్నియు చిన్న కొలతలో దింపిన పిదప, ఫైరింజనును లోపలినుండి తీసివేయుడు. తలుపులు బార్లా తెరచియుండనిండు. వాకిట ఒక కుర్చీ వెల్లకిల పడియుండనిండు. అప్పుడు చూపరి తనంత తానే దూరమున ఎచ్చట పొగ లేచుచున్నదోయని వెదకును.

అలెన్ తన ఊళ్లకు ఇట్టి బ్రదుకు నిచ్చెను. ఆ మార్గమున రైళ్లు ఊరక తిరుగుట లేదు. మిత్రులు కూడి, కాలపట్టిక ప్రకారము సరకులను ఒక ఊరినుండి వేరొక ఊరికి చేర్చెడివారు. ఒకడు ఆజ్ఞలిచ్చుట, ఒకడు ఇంజను నడపుట, ఒకడు యార్డులో బండ్లను కూర్చుట — నిజమైన రైల్వే ఉద్యోగమువలెనే సాగెడిది. ఐదు మలుపు పట్టాలతో కొలదిపాటి చోటులో బండ్లను అతి తక్కువ కాలమున సర్దవలసిన టైంసేవర్ అను చిక్కు ఆటను గూడ అతడు కల్పించెను. అది 1972వ సంవత్సరమున పత్రికలో ప్రకటింపబడెను. నేటికిని ఆడువారు కలరు.

1950వ దశకమున అలెన్ మాంటెరేలోనే వేరొక ఇంటికి మారి, దాని క్రింది అంతస్తునందు తన మార్గమును మిక్కిలి విస్తృతముగా నిర్మింపసాగెను. మొదట కట్టిన చిన్న మార్గమును పారవేయక ఈ పెద్దదానిలో ఒక భాగముగా నిముడ్చుకొనెను. సుమారు ఇరువది యేండ్లు ఆ పని సాగెను. గుండె సహకరింపని మనుష్యునికి బల్లల క్రింద దూరుట, నిచ్చెనలెక్కి ప్లాస్టరు పూయుట సులభముగాదు. అయినను అతడు మానలేదు. పని చేయుచునే తన మార్గమును అనేక కోణములనుండి ఛాయాచిత్రములు తీసి పత్రికలకు పంపుచుండెను. రైలుబొమ్మలు చేయు వార్నీ సంస్థవారి ప్రకటనలకు గూడ అతడు చిత్రములు తీసెను. మాంటెరే ఎచ్చటనున్నదో ఎరుగనివారు గూడ ఆ చిత్రములను చూచి, తమ ఇంజన్లకు మసి పూయుటకు మొదలిడిరి.

1973 జనవరి 6వ తేదీన అలెన్ గుండెపోటుతో మరణించెను. అతని వయస్సు అప్పటికి 59 సంవత్సరములు.

తరువాత పదిదినములు గడచెను. ఆ యింట నిప్పంటుకొనెను. ఏండ్ల తరబడి ఆరిన చెక్క, కాగితము, రంగులు — మంటకు ఇంతకన్న ఏమి కావలెను? కప్పునంటిన కొండలు, లోయలపై నిలిచిన వంతెనలు, రైళ్లు, ఊళ్లు మిక్కిలి భాగము నాశనమయ్యెను. మొదటి చిన్న మార్గము పెద్దదానిలో కలిసియుండుటచే అదియు మిగులలేదు. మిత్రులకు పదిదినములలో ఇది రెండవ దుఃఖము. మనుష్యుడు పోయినను అతని పని యున్నదను ఊరట గూడ వారికి దక్కలేదు.

దక్కినవి ఛాయాచిత్రములు. చేతివ్రేళ్లతో కట్టినదానిని అగ్ని గొనిపోగా, కన్నుతో పట్టినది చాలవరకు మిగిలెను. మోడల్ రైల్‌రోడర్ పత్రికకు చిరకాలము సంపాదకుడుగా నుండిన లిన్ వెస్ట్‌కాట్ ఆ చిత్రములను గూర్చి, అలెన్ పనితీరును వివరించుచు ఒక గ్రంథమును రచించెను. అది అచ్చై వెలువడునాటికి, 1981వ సంవత్సరమున, వెస్ట్‌కాట్ గూడ జీవించియుండలేదు. ఆ గ్రంథపు పుటలలో సన్నని వంతెనపై మసిపట్టిన ఇంజనొకటి లోయ దాటుచున్నది. వెనుక కొండ నీలముగా నున్నది. పొగగొట్టము ప్రక్కన తుప్పు చార స్పష్టముగా కనబడుచున్నది.