రోనాల్డ్ రాస్

సర్ రోనాల్డ్ రాస్ (మే 13, 1857 - సెప్టెంబర్ 16, 1932) మలేరియా దోమకాటు ద్వారా వ్యాపిస్తుందని నిరూపించిన బ్రిటిష్ వైద్యుడు. ఇందుకు మూలమైన పరిశోధన 1897లో సికింద్రాబాదులో జరిగింది. 1902లో ఈయనకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

తొలి జీవితం

రాస్ హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో సైనికాధికారి కుటుంబంలో జన్మించాడు. సాహిత్యంపై మక్కువ ఎక్కువ. వైద్యం చదివింది తండ్రి కోరిక మేరకే. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. మలేరియా చెడుగాలి వల్ల వస్తుందన్న నమ్మకం ఆనాడు బలంగా ఉండేది. ఆ పేరుకు అర్థం కూడా అదే. రోగుల రక్తంలో మలేరియా క్రిమిని లావెరాన్ 1880లోనే కనుగొన్నా, రాస్‌కు చాలాకాలం నమ్మకం కుదరలేదు. 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ దానిని సూక్ష్మదర్శినిలో చూపించి, దోమలను పరిశీలించమని ప్రోత్సహించాడు.

ఊటీ ప్రయాణం

సెలవు మీద ఊటీ ప్రాంతానికి వెళ్ళినప్పుడు, కొద్ది రోజులకే రాస్ స్వయంగా మలేరియా బారిన పడ్డాడు. అప్పట్లో దీనికి మందు క్వినైన్. క్రిమి ఒంట్లో చేరాక జ్వరం పైకి రావడానికి సాధారణంగా వారం రోజులకు పైగా పడుతుందని ఇప్పుడు తెలుసు. కొన్ని రకాలు నెలల తరువాత కూడా బయటపడతాయి. అందుచేత అడవులు, పొలాలు తిరిగివచ్చినవారికి చలిజ్వరం వస్తే, ఎక్కడెక్కడ తిరిగారో వైద్యునికి చెప్పి వెంటనే రక్తపరీక్ష చేయించుకోవాలి. క్రిమి రకాన్ని బట్టి మందు మారుతుంది.

సికింద్రాబాదు పరిశోధన

రెండేళ్ళపాటు రాస్ కోసి చూసిన దోమలు మలేరియాను మోసే జాతివి కావు, ఫలితం శూన్యం. 1897 ఆగస్టులో మచ్చల రెక్కల దోమలు దొరికాయి. ఇవే అనాఫిలిస్ దోమలు. హుసేన్ ఖాన్ అనే రోగిని వాటిచేత కుట్టించి, దోమకు ఒక అణా చొప్పున చెల్లించాడు. గాలికి దోమలు చెదిరిపోతాయని ఆ ఉక్కలో పంకా కూడా వేయించుకోలేదు. ఆగస్టు 20న ఒక దోమ జీర్ణాశయపు గోడలో మలేరియా క్రిమి ఎదుగుతున్న కణాలు కనిపించాయి. నేడు ఆ తేదీని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు.

మరుసటి నెలలోనే బదిలీ అయింది. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై పనిచేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటు ద్వారా మరో పక్షికి సోకుతుందని చూపాడు. మనుషుల మలేరియాలో ఈ చక్రాన్ని పూర్తిగా నిరూపించినది ఇటలీకి చెందిన గ్రాసీ బృందం. ఘనత ఎవరిదన్న తగాదాలో రాస్ ఏమాత్రం ఔదార్యం చూపలేదు.

నివారణ కృషి

1899లో ఉద్యోగం వదలి లివర్‌పూల్ చేరాడు. దోమలను పూర్తిగా నిర్మూలించనక్కరలేదని, ఒక స్థాయికి తగ్గిస్తే మలేరియా దానంతటదే అంతరిస్తుందని గణితం ద్వారా చూపాడు. కాలువల కింద సాగు పెరిగిన ప్రాంతాలకు ఇది ముఖ్యమైన విషయం. నిజామాబాదు, బోధన్ ప్రాంతాల వరి, చెరకు పొలాలకు నీరిచ్చిన నిజాంసాగర్ 1931లో, రాస్ మరణానికి ముందటి ఏడాది పూర్తయింది. గ్రామీణ భారతంలో మలేరియాను ఎక్కువగా మోసే అనాఫిలిస్ క్యులిసిఫేసిస్ దోమ ఇటువంటి కాలువల్లో, ఊటనీటి గుంటల్లో గుడ్లు పెడుతుంది.

రాస్ లండనులో మరణించాడు. బేగంపేటలో ఆయన పరిశోధన చేసిన భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో ఉంది.