వాలుబల్లపై కాలాన్ని తూచిన గెలీలియో

ఏ మార్పునైనా కొలవబూనినప్పుడు ముందుగా తేల్చుకోవలసిన విషయం ఒకటున్నది. ఆ మార్పు దేనిననుసరించి జరుగుతున్నది? బీజగణితం అభ్యసించే బాలబాలికలు సరళరేఖ వాలును కనుగొనడానికి నిలువు మార్పును అడ్డు మార్పుతో భాగిస్తారు. హారంలో ఏ రాశి ఉండవలెనో తెలియనిదే ఆ భాగహారానికి అర్థం లేదు. చూడడానికి స్వల్పంగా తోచే ఈ విషయం తేల్చుకోవడానికి ఇటలీ దేశపు మహామేధావి గెలీలియో గెలీలీ అంతటివానికి సైతం ఏళ్ల తరబడి శ్రమ తప్పలేదు.

గెలీలియో 1564 ఫిబ్రవరి 15వ తేదీన పీసా నగరంలో జన్మించాడు. తండ్రి విన్సెంజో సంగీత విద్వాంసుడు. తంత్రుల బిగువుకూ స్వరానికీ గల సంబంధాన్ని ప్రయోగపూర్వకంగా పరీక్షించినవాడు. కుమారుడు వైద్యుడు కావలెనని ఆయన కోరిక. 1581లో పీసా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యకై చేరిన గెలీలియో మనస్సు గణితం వైపు మళ్లింది. 1585లో పట్టా పుచ్చుకోకుండానే చదువు చాలించాడు. అయినా 1589లో అదే విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడైనాడు. 1591లో తండ్రి మరణించగా కుటుంబభారమూ, సోదరీమణుల కట్నాల బాధ్యతా ఆయనపై పడ్డాయి. మరుసటి సంవత్సరం పాదువా విశ్వవిద్యాలయంలో చేరి, 18 సంవత్సరాలు అక్కడ బోధించాడు. జీతం చాలక, విద్యార్థులను తన ఇంటనే ఉంచుకుని ప్రత్యేకంగా పాఠాలు చెప్పేవాడు.

క్రింద పడే వస్తువు క్షణక్షణానికీ వేగం పుంజుకుంటుంది. ఆ వేగం ఏ నియమాన్ననుసరించి పెరుగుతుందన్నది ఆయనను వెంటాడిన సమస్య. నిట్టనిలువుగా పడే వస్తువును కొలవడానికి తగిన గడియారాలు ఆనాడు లేవు. అందువలన ఆయన ఆ పతనాన్నే నెమ్మదింపజేసే ఉపాయం పన్నాడు. సుమారు 7 మీటర్ల పొడవైన కొయ్యదూలంలో సన్నని గాడి తొలిపించి, నున్నని తోలుకాగితం అంటించి, దూలం ఒక కొనను కొంచెం ఎత్తి, కంచుగుండును దొర్లనిచ్చాడు. ఒక పెద్ద పాత్రకు అమర్చిన సన్నని గొట్టం నుండి, గుండు దొర్లినంతసేపూ కారిన నీటిని పట్టి త్రాసులో తూచాడు. నీటి బరువుల నిష్పత్తియే కాలాల నిష్పత్తి.

ఫలితం విస్మయకరం. దూలంలో నాలుగవ వంతు దొర్లడానికి, మొత్తం పొడవు దొర్లడానికి పట్టే కాలంలో సరిగ్గా సగం పట్టింది. సమాన కాలవ్యవధులలో గుండు దాటే దూరాలు 1, 3, 5, 7 నిష్పత్తిలో ఉంటాయి. మొత్తం దూరాలు 1, 4, 9, 16 అవుతాయి. దూలం వాలు మార్చినా ఈ వరుస మారలేదు.

నియమం దొరికింది గాని, కారణం దొరకలేదు. 1604లో మిత్రుడు పావొలో సార్పీకి వ్రాసిన లేఖలో, వేగం దాటిన దూరాన్ని బట్టి పెరుగుతుందని గెలీలియో పేర్కొన్నాడు. అది పొరపాటు. ఆ లెక్కన దూరం శూన్యమైన ఆరంభస్థానంలో వేగమూ శూన్యమే గనుక, వస్తువు అసలు కదలనే కదలదని నేటి గణితం చెబుతుంది. హారంలో ఉండవలసినది దూరం కాదు, కాలం. సమాన కాలాలలో వేగం సమానంగా పెరుగుతుందని ఆయన తరువాత గ్రహించాడు.

కాలాన్ని అడ్డంగా, వేగాన్ని నిలువుగా గుర్తిస్తే ఈ సత్యం ఒక సరళరేఖగా కనిపిస్తుంది. దాని వాలు వేగం మారే రేటు, అదే త్వరణం. దూలాన్ని మరింత ఎత్తితే రేఖ మరింత నిటారవుతుంది, కాని వంగదు. దూరాన్ని నిలువుగా గుర్తిస్తే మాత్రం వక్రరేఖ వస్తుంది. వేగం మారుతున్నందున దాని వాలు ప్రతి బిందువు వద్దా మారుతుంది. అయితే గెలీలియో బీజగణిత సంకేతాలు వాడలేదు. నిష్పత్తులతో, త్రిభుజాలతోనే వీటిని నిరూపించాడు.

ఈ ఫలితాలు గ్రంథరూపం దాల్చడానికి దీర్ఘకాలం పట్టింది. 1609లో దూరదర్శిని ఆయన చేతికి వచ్చింది; 1610లో గురుగ్రహపు నాలుగు ఉపగ్రహాలను ప్రకటించి జగత్ప్రసిద్ధుడైనాడు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందన్న వాదాన్ని సమర్థించినందుకు 1633లో రోము నగరంలో మతన్యాయస్థానం విచారించి, ఆ వాదాన్ని ఉపసంహరింపజేసి, గృహనిర్బంధం విధించింది. 1634లో ప్రియపుత్రిక మరియా చెలెస్తే కన్నుమూసింది. తరువాత ఆయన చూపు పూర్తిగా పోయింది.

అట్టి దుర్దశలోనే, పాదువానాటి ప్రయోగాల సారమంతా కూర్చి రెండు నూతన శాస్త్రాలపై రచించిన గ్రంథం 1638లో హాలెండులోని లైడెన్ నగరంలో అచ్చయింది. 1642 జనవరి 8వ తేదీన గెలీలియో పరమపదించాడు. ఆయన విషయంలో పొరపాటు జరిగిందని 1992లో పోప్ రెండవ జాన్ పాల్ అంగీకరించారు.

గెలీలియో తన పొరపాటును అంగీకరించడానికి అంతకాలం తీసుకోలేదు. ఆ చివరి గ్రంథంలోనే, వేగం దూరాన్ని బట్టి పెరుగుతుందన్న వాదాన్ని ఒక పాత్రచేత చెప్పించి, గ్రంథకర్త సైతం కొంతకాలం ఆ భ్రమలోనే ఉన్నాడని మరొక పాత్రచేత పలికించాడు. తరగతిలో హారంలో తప్పు రాశిని వ్రాసి తలవంచుకునే విద్యార్థికి ఉపాధ్యాయుడు చూపదగిన పుట అది.