దులీప్ సింగ్ సంతతి

పంజాబు కేసరి రణజిత్ సింగ్ కడగొట్టు కుమారుడైన దులీప్ సింగ్ 1838లో జన్మించి, అయిదేండ్ల ప్రాయముననే సింహాసన మధిష్ఠించెను. 1849లో ఇంగ్లీషువారు ఆతని రాజ్యమును, కోహినూరును గైకొనిరి. తల్లి రాణీ జిందాన్‌ను అంతకుముందే ఎడబాపిరి. క్రైస్తవము పుచ్చుకొన్న ఆ బాలుని 1854లో ఇంగ్లండునకు పంపిరి.

విక్టోరియా రాణి ఆతనిని ఆదరించెను. కొడగు రాజపుత్రి గౌరమ్మతో వివాహము జరిపింప నెంచెను. ఆమెయు రాజ్యము పోయిన యింటి బిడ్డయే, క్రైస్తవమున చేరినదే. రాజ్యములు గైకొన్నవారే సంబంధములును వెదకుట వింత. దులీప్ సమ్మతింపలేదు.

1861లో కలకత్తాలో తల్లిని మరల చూచెను. రెండేండ్లకే ఆమె లండనులో మరణించెను. అస్థికలతో పంజాబునకు పోవుట కనుమతి లేకపోగా, నాసికలో గోదావరియందు నిమజ్జనము చేసెను. ఆ దుఃఖయాత్ర ముగించి మరలిపోవుచు, 1864 జూన్ 7న అలెగ్జాండ్రియాలో బాంబా ముల్లర్‌ను పెండ్లాడెను. జర్మను వర్తకునికి ఇథియోపియా స్త్రీయందు జనించిన యీమె కైరోలోని మిషను పాఠశాలలో పెరిగినది. ఆమె మాటలాడు అరబ్బీ వరునికి రాదు.

వారి సంతానములో ముగ్గురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు పెరిగిరి. 1886లో సకుటుంబముగా స్వదేశమునకు బయలుదేరగా ఏడెనులో ప్రభుత్వమువా రడ్డగించిరి. అచ్చటనే ఆతడు మరల సిక్కుమతము స్వీకరించి, ఆలుబిడ్డలను ఇంగ్లండునకు పంపి, తాను పారిసు చేరెను. మరుసటి యేడే బాంబా గతించెను. 1889లో చేసికొన్న రెండవ భార్యకు ఇరువురు కుమార్తెలు.

1893లో, చిన్న కుమారుడు పోయిన కొలది నెలలకే, దులీప్ పారిసులో మరణించెను. జ్యేష్ఠపుత్రుడు విక్టర్ ఇంగ్లీషు ప్రభుపుత్రికను వివాహమాడినను సంతు కలుగలేదు. ఎనమండుగురిలో ఒక్కరికిని వారసులు లేరు. అందరికంటె కడపట మిగిలిన పెద్దకుమార్తె, తల్లి పేరే గల బాంబా, తాత యేలిన లాహోరులో 1957లో కన్నుమూసెను.